ఎముక దెబ్బను తెల్లారేదాకా ఆపవద్దు

(మస్కిలో జిన్నింగు, ప్రెస్సింగు మిల్లు కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ కూలి రేట్ల మీద మాట్లాడతామని మీరు అనుకుని ఉంటారు. అది వచ్చే సమావేశంలో. ఈ రోజు దెబ్బల సంగతి మాట్లాడదలిచాం. సీజను మొదలైంది. పత్తి లారీలు వరసగా వస్తున్నాయి. దిబ్బ ఎత్తు పెరిగేకొద్దీ దాని మీద నుంచి జారేవాళ్లూ పెరుగుతారు. ఒక్కో బేలు బరువు సుమారు 170 కిలోలు. అది కాలి మీదికి దొర్లితే ఏమవుతుందో ఇక్కడ కూర్చున్న హమాలీ సోదరులకు మేము చెప్పనక్కరలేదు.

మనవాడు పడ్డాడంటే జరిగేది ఏమిటి? మేస్త్రీ వచ్చి చూస్తాడు. "బెణికిందిలే, నూనె రాయించుకో" అంటాడు. మనవాడూ సరేనంటాడు, ఎందుకంటే రేపటి కూలి పోతుంది. ఇంటికి పోయాక వాపు పెరుగుతుంది. తెల్లారి చూద్దాం అనుకుంటారు. కొన్ని దెబ్బలకు తెల్లారి చూసినా నష్టం లేదు. కొన్నిటికి ఆ ఒక్క రాత్రే చాలు, చెయ్యి పోవడానికి. ఏది ఏదో తెలుసుకోవడమే ఈనాటి విషయం.

మేము ప్రెస్సులో పనిచేసే రోజుల్లో కళ్లారా చూసింది చెబుతాం. ఇరవై ఏళ్ల కుర్రవాడు బేళ్ల వరస మీద నుంచి పడ్డాడు. ముంజేయి విరిగింది. సాయంత్రానికి పక్క ఊళ్లో వెదురు బద్దలు వేసి గట్టిగా కట్టు కట్టించారు. ఆ రాత్రంతా ఏడ్చాడు. విరిగిన చెయ్యి నొప్పి పెట్టక మానుతుందా అని మేమే ఓదార్చాం. వేళ్లు తిమ్మిరెక్కాయన్నాడు. ఎవరైనా వేళ్లు సాపబోతే కేక పెట్టేవాడు. కట్టు విప్పితే ఎముక కదిలిపోతుందని ఎవరమూ విప్పలేదు. మూడో రోజు పట్నం తీసుకుపోయాం. ఎముక అయితే అతుక్కుంది. వేళ్లు మాత్రం గద్దగోళ్లలాగా ముడుచుకుపోయాయి. ఆ చేత్తో అతడు చెంబు కూడా పట్టలేకపోయాడు. ఆ రాత్రి పక్కన కూర్చున్నవాళ్లలో మేమూ ఉన్నాం. తెలియక చేశాం, అంతే.

తర్వాత ఒక డాక్టరు గారు మాకు విడమరిచి చెప్పారు. ముంజేతిలోనూ, పిక్కలోనూ కండరాలు సాగని గట్టి పొరల సంచుల్లో ఉంటాయి. దెబ్బకు లోపల నెత్తురు చేరి వాస్తే ఆ వాపు బయటికి రాలేదు. లోపలే ఒత్తిడి పెరిగి కండకు నెత్తురు అందదు. పైన బిగుతు కట్టు ఉంటే ఇంకా తొందరగా అవుతుంది. సుమారు ఆరు గంటలు దాటితే కండ చచ్చిపోతుంది. జర్మనీలో ఫోక్‌మన్ అనే సర్జను 1881లోనే ఈ ముడుచుకుపోయిన చేతి గురించి రాశాడు. అంటే లోకానికి ఇది తెలిసి నూట నలభై ఏళ్లు దాటింది.

గుర్తు ఏమిటంటే: దెబ్బకు ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ నొప్పి, మాత్ర వేసినా తగ్గని నొప్పి, గంటగంటకూ పెరిగే నొప్పి. వేళ్లను మెల్లగా సాపితే ప్రాణం పోయినంత పని అవుతుంది. తిమ్మిరి, వేళ్లు పాలిపోవడం తర్వాత వస్తాయి. నాడి కొట్టుకుంటోంది కదా అని ధైర్యపడవద్దు, నాడి ఉండగానే కండ చచ్చిపోవచ్చు. ఇట్లాంటప్పుడు కట్టు ఎవరు కట్టినా సరే, నాటు వైద్యుడు కట్టినా, పెద్దాసుపత్రిలో సిమెంటు కట్టు వేసినా, వెంటనే దాన్ని కోయించి విప్పించాలి. అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి పోవాలి. అక్కడ ఆ పొరను కోసి ఒత్తిడి తీస్తారు.

నాటు కట్టును తిట్టడానికి మేము రాలేదు. చిత్తూరు వైపు పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాడు ఉంటాడా? మన క్యాంపుల నుంచి అక్కడిదాకా పోయి బాగుపడి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండులో హ్యూ ఓవెన్ థామస్ అనే ఆయన తండ్రి కూడా ఎముకలు కట్టేవాడే. కొడుకు డాక్టరీ చదివి తొడ ఎముకకు ఒక బద్ద తయారుచేస్తే, మొదటి ప్రపంచ యుద్ధంలో అది ఎంతోమంది సిపాయిల ప్రాణం కాపాడింది. చేతి నేర్పును తక్కువ చెయ్యకూడదు. కాని ఎక్స్‌రే లేకుండా లోపల ఏముందో ఎవరికీ కనబడదు. నెత్తురు ఆగిపోయిన చేతికి ఏ కట్టూ పనికిరాదు.

ఇక మిగతావి. చర్మం చిరిగి ఎముక కనబడినా, విరిగిన చోట చిన్న పుండు ఉన్నా అది ఆగే దెబ్బ కాదు. మన పత్తి దుమ్ము, గ్రీజు అంతా లోపలికి పోతుంది. చీము పట్టకుండా మందు ఎంత తొందరగా పడితే అంత మంచిది, గంటల లెక్క. ధనుర్వాతం సూది కూడా వేయించాలి. శుభ్రమైన గుడ్డ కప్పండి. పసుపు, సున్నం, కాఫీపొడి ఏదీ కూరవద్దు. బయటికి వచ్చిన ఎముకను లోపలికి నెట్టవద్దు.

కీలు తప్పితే లాగి సరిచేసే మొనగాళ్లు ప్రతి మిల్లులోనూ ఉంటారు. దయచేసి ఆ పని మానండి. భుజం లాగబోయి ఎముక విరగ్గొట్టినవాళ్లున్నారు. తుంటి కీలు తప్పితే ఆరు గంటల లోపల సరిచేయించాలి, ఆలస్యమైతే ఎముక తలకు నెత్తురు అందక అది కుళ్లిపోవచ్చు. మోకాలు తప్పితే వెనక ఉన్న పెద్ద నెత్తురు గొట్టం తెగవచ్చు, పాదం చల్లబడిందేమో చూడండి. తొడ ఎముక విరిగితే బయట చుక్క కనబడకుండానే లోపల లీటరుకు పైగా నెత్తురు పోతుంది. మనిషి చెమటలు పట్టి తెల్లబోతే అది భయం వల్ల అనుకోవద్దు.

ఎత్తు నుంచి పడి మెడ, నడుము నొప్పి అన్నవాణ్ని చంకల కింద పట్టుకుని లేపవద్దు. కదలకుండా పడుకోబెట్టి, పలక మీద నలుగురు కలిసి ఒక్కసారిగా ఎత్తాలి. బేళ్లు మోసి నడుము పట్టినవాడికి మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ లేకపోయినా అదే రోజు పెద్దాసుపత్రి. సిగ్గుపడి ఇది చెప్పరు మనవాళ్లు. అడిగి తెలుసుకోవాలి. దెబ్బే తగలకుండా ఒక్క కీలు వాచి, కాలిపోతూ, జ్వరం వచ్చినా అంతే. అది వాతం కాకపోవచ్చు, కీలులో చీము కావచ్చు.

చీలమండ బెణికిందా విరిగిందా? కెనడాలో ఒట్టావా డాక్టర్లు 1992లో ఒక సులువైన లెక్క చెప్పారు. నాలుగు అడుగులు వెయ్యలేకపోయినా, మడమ గుబ్బల వెనక అంచున ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. మణికట్టు మాత్రం మోసం చేస్తుంది. మాదే చెబుతాం. చేతి మీద పడ్డాం, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, పనికి పోయాం. బొటనవేలి మొదట్లో గుంటలో నొప్పి పోలేదు. అక్కడ ఉండే చిన్న ఎముక విరిగితే మొదటి రోజు కనబడకపోవచ్చు, పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీయించాలట. మేము ఏడాదికి తీయించాం. ఇప్పటికీ ఈ చేత్తో మైకు ఎక్కువసేపు పట్టుకోలేం, నవ్వకండి.

బండి వచ్చేలోపల ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసెయ్యండి. అట్టముక్క, కర్ర, మడిచిన దినపత్రిక ఏదైనా ఆనించి పైకీలు, కిందికీలు కదలకుండా వదులుగా కట్టండి. మాలిష్ వద్దు. ఆపరేషను పడవచ్చు కనుక టీ కూడా వద్దు. జిన్నులో వేలు తెగితే ఆ ముక్కను తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టి రోగితోబాటు పంపండి. ఐసు నేరుగా తగలకూడదు. 108కి ఫోను చెయ్యండి. మనకు ఒకవైపు సింధనూరు, ఒకవైపు లింగసుగూరు, పెద్ద ఆపరేషను అంటే రాయచూరు. ఎక్కడ ఎముకల డాక్టరు ఉన్నాడో ముందే ఫోనులో అడిగి బయల్దేరండి, తిరగడంలో రెండు గంటలు పోకూడదు.

అశోకుడి పేరు ఉన్న శాసనం 1915లో మన ఊరి కొండ మీద దొరికిందని గర్వంగా చెప్పుకుంటాం. ఆ రాజే మరో శాసనంలో మనుషులకూ, పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని చెక్కించాడు. మన మిల్లుల్లో స్ట్రెచరు లేదు.

ఆఖరుగా, దెబ్బ తగిలిన రోజే ప్రమాదాల రిజిస్టరులో రాయించండి. ఇంటికి పంపి కట్టు కట్టించుకోమనడం కొన్ని చోట్ల జాలి కాదు, రాత లేకుండా చెయ్యడానికి. పనిలో ఉండగా పని వల్ల తగిలిన దెబ్బకు పరిహారం యజమాని బాధ్యత అని 1923 చట్టంలో ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. ఈ.ఎస్.ఐ. కార్డు ఉన్నవాళ్లకు పనిలో దెబ్బ తగిలి మూడు రోజులకు తగ్గకుండా పని పోతే, జీతంలో 90 శాతం దాకా వస్తుంది. ఆసుపత్రి చీటీలో "మిల్లులో పనిలో ఉండగా" అన్న మాట రాయించుకోండి, "ఇంట్లో జారిపడ్డాడు" అని రాస్తే ఒప్పుకోవద్దు.

ప్రతి మిల్లుకూ ఒక స్ట్రెచరు, నాలుగు బద్దలు, రాత్రి షిఫ్టుకు ఒక బండి కావాలని ఉత్తరం తయారుచేశాం. పోయేటప్పుడు బల్ల దగ్గర ఆగి సంతకం పెట్టండి. కుడిచెయ్యి బాగాలేనివాళ్లు వేలిముద్ర వేసినా చాలు.