ఒర్లెక్ అనే ఓడ, విశాఖలో ఒక చీకటి రాత్రి

(చాండ్లర్‌లో మిత్రులు ఏర్పాటు చేసిన సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినదాన్ని తర్వాత కాస్త సరిచేసి రాసి ఇచ్చాను.)



ఈ ఎడారిలో కూర్చుని యుద్ధనౌక గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు మొదట నవ్వారు. సముద్రం చూడాలంటే మనం ఐదారు గంటలు కారు నడిపి శాన్ డియాగో వెళ్ళాలి. అయినా అమెరికా నౌకాదళంలో మన ఊరి పేరుతోనే ఒక డిస్ట్రాయర్ ఉండేది. ఇరాన్ షా డబ్బిచ్చి ఆర్డరు చేసిన ఓడ అది. 1979లో షా పడిపోయాక అమెరికాయే ఉంచుకుని చాండ్లర్ అని పేరు పెట్టింది. ఈ ఊరిని స్థాపించిన పశువైద్యుడు చాండ్లర్ వేరు, ఆ ఓడకు పేరిచ్చిన అడ్మిరల్ చాండ్లర్ వేరు. 1999 దాకా ఇక్కడ పనిచేసి, ఆ తర్వాత అమ్ముడై 2006లో తైవాన్ నౌకాదళంలో చేరింది. ఒక దేశం కోసం కట్టింది రెండో దేశం వాడి మూడో దేశానికి అమ్మేయడం ఓడల లోకంలో మామూలు విషయమేనని ఇది తవ్వుతున్నప్పుడే నాకు తెలిసింది. కానీ నేను ఇవాళ చెప్పదలుచుకున్నది వేరే ఓడ కథ. దాని పేరు ఒర్లెక్.

ముందుగా మా ఇంటి గొడవ చెప్పాలి. మా మనవరాలికి పదిహేడేళ్ళు. కాలేజీ ఖర్చు ప్రభుత్వమే భరించే నేవీ ఆర్.ఓ.టి.సి.లో చేరతానంటోంది. మా అమ్మాయి రెండు రోజులు అన్నం తినలేదు. "నాన్నా, నువ్వు చెబితే వింటుంది, మాన్పించు" అని నాకు ఫోన్ చేసింది. వాళ్ళు ఉండేది ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ దగ్గర. వేసవిలో వెళ్ళాను. తీరా చూస్తే అదే ఊళ్ళో నది ఒడ్డున ఒర్లెక్ మ్యూజియంగా నిలబడి ఉంది. నాకు ఆ పేరు ఎక్కడో తగిలింది. ఎక్కడో గుర్తుకు రావడానికి ఒక పూట పట్టింది.

1971 డిసెంబరులో నాకు పదేళ్ళు. మాది విశాఖపట్నం, మహారాణిపేట. నాన్నగారిది పోర్టులో ఉద్యోగం. కిటికీలకు నల్ల కాగితాలు అంటించాం. కార్ల హెడ్‌లైట్లకు సగం దాకా నల్లరంగు పూశారు. సాయంత్రమైతే ఊరంతా చిమ్మచీకటి. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చింది, కిటికీ అద్దాలు గలగలలాడాయి. మా నాయనమ్మ భూకంపమనుకుని అందరినీ వీధిలోకి రమ్మంది. నాన్నగారేమో దీపం వెలిగించొద్దని అరుస్తున్నారు. ఆ చప్పుడేమిటో ఊరికి తర్వాత తెలిసింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు ముందు పేలి మునిగిపోయింది. అందులో ఉన్న తొంభై మందికి పైగా మనుషుల్లో ఒక్కరు కూడా బతకలేదు.

మీరందరూ 2017లో వచ్చిన సినిమా చూసే ఉంటారు. రానా బాగా చేశాడు, కాదనను. కానీ అందులో ఘాజీని ముంచింది మన జలాంతర్గామి. భారత నౌకాదళం చెప్పేది అది కాదు. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ ఆ రాత్రి రేవు దాటి బయటికి వెళుతూ నీటిలో ఏదో కదలిక చూసి డెప్త్ చార్జీలు వదిలిందని, వాటివల్లే ఘాజీ మునిగిందని వాళ్ళు చెబుతారు. ఘాజీ తాను పరిచిన మైనే పేలి దానంతటది మునిగిందని పాకిస్తాన్ వాదన. అసలు ఘాజీ వెతుక్కుంటూ వచ్చింది విమానవాహక నౌక విక్రాంత్‌ను. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ వైపు పంపేసి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు రాజ్‌పుత్ చేత దొంగ సందేశాలు పంపించారు. రాజ్‌పుత్ బ్రిటిష్ వాళ్ళు రెండో ప్రపంచ యుద్ధంలో రోదర్‌హామ్ అనే పేరుతో వాడిన ఓడ. 1949లో మనం కొనుక్కున్నాం. 1971 నాటికి అది పాత ఇనుముకు దగ్గర్లో ఉంది.

మరి ఘాజీ ఎవరిది? 1945లో అమెరికా తన నౌకాదళం కోసం కట్టుకున్న డయాబ్లో అనే జలాంతర్గామి. కమ్యూనిజాన్ని ఆపడానికి మిత్రదేశాలను బలపరచాలన్న వాదనతో 1964లో పాకిస్తాన్‌కు లీజుకిచ్చారు. కమ్యూనిస్టుల మీదికి పోవలసింది మా వీధి చివర తేలింది. అంటే ఆ రాత్రి మా ఊరి ముందు ఒకదాన్నొకటి వేటాడుకున్నవి ఒక బ్రిటిష్ ఓడ, ఒక అమెరికన్ జలాంతర్గామి. వాటిలో ఉన్న మనుషులు మాత్రం పాతికేళ్ళ కిందటి దాకా ఒకే దేశం వాళ్ళు.

ఇప్పుడు ఒర్లెక్ సంగతి. టెక్సాస్‌లోని ఆరెంజ్ అనే ఊళ్ళో కట్టారు. 1943 సెప్టెంబరులో ఇటలీ తీరంలో, సలెర్నో దగ్గర, తన ఓడతో పాటు ప్రాణం వదిలిన లెఫ్టినెంట్ జోసెఫ్ ఒర్లెక్ పేరు పెట్టారు. 1945 మే నెలలో నీటిలోకి దింపారు, సెప్టెంబరు 15న సర్వీసులో చేరింది. జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది సెప్టెంబరు 2న. పదమూడు రోజుల తేడాతో అసలు యుద్ధం తప్పిపోయింది. గేరింగ్ తరగతి అంటారు దీన్ని. పొడవు 390 అడుగులు, వెడల్పు 41 అడుగులు మాత్రమే. పక్క నుంచి చూస్తే గంభీరంగా ఉంటుంది కానీ ముందు నుంచి చూస్తే సన్నటి కత్తిలా ఉంటుంది. 60,000 హార్స్‌పవర్ ఇంజన్లు, మూడు వందల మందికి పైగా సిబ్బంది. లోపల మూడంతస్తుల పడకలు, మన రైల్లో స్లీపర్ బెర్తుల కన్నా ఇరుకు. నా ఎత్తుకే తల రెండుసార్లు తగిలింది.

కొరియా యుద్ధంలో తీరం వెంబడి పోయే రైళ్ళను ఫిరంగులతో కొట్టడం దీని పని. అలా రైళ్ళను పేల్చిన ఓడలకు ట్రెయిన్ బస్టర్స్ క్లబ్ అని ఒక సరదా పేరు కూడా పెట్టుకున్నారు. రైల్లో ఉన్నవాళ్ళకు అదేం సరదానో నాకు తెలియదు. అరవైల మొదట్లో దీన్ని పూర్తిగా విప్పి మళ్ళీ కట్టారు. జలాంతర్గాములను దూరం నుంచి కొట్టే రాకెట్లు బిగించి, మనిషి లేకుండా ఎగిరే చిన్న హెలికాప్టర్ కోసం వెనక డెక్కు చదును చేశారు. ఆరు ఫిరంగులు నాలుగయ్యాయి. అరవైల్లోనే డ్రోనా అని మా మనవరాలు ఆశ్చర్యపోయింది. తర్వాత వియత్నాం. ఒడ్డున ఉన్న సైన్యం అడిగినప్పుడల్లా సముద్రం మీద నుంచి ఫిరంగులు కాల్చడం, రాత్రనక పగలనక. వియత్నాం తీరపు బూడిదరంగు దయ్యం అని దీనికి పేరు వచ్చింది ఆ రోజుల్లోనే.

1971 డిసెంబరులో యుద్ధం మొదలై వారం గడిచేసరికి ఢాకా పడిపోవడం ఖాయమని తేలిపోయింది. నిక్సన్, కిసింజర్ కలిసి వియత్నాం జలాల్లో ఉన్న ఓడలతో టాస్క్‌ఫోర్స్ 74 అని ఒకటి కట్టించారు. నడిమధ్యన అణుశక్తితో నడిచే ఎంటర్‌ప్రైజ్. దాని చుట్టూ ఉన్న డిస్ట్రాయర్లలో ఒకటి ఒర్లెక్. మలక్కా జలసంధి దాటి ఆ బలగం డిసెంబరు 15న బంగాళాఖాతంలోకి వచ్చింది. మర్నాడు ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. ఒక్క గుండు పేలలేదు.

ఎందుకు పంపారు? ఢాకాలో చిక్కుకున్న అమెరికన్లను తరలించడానికని అప్పట్లో బయటికి చెప్పిన మాట. 2005లో అమెరికా విదేశాంగ శాఖే ప్రచురించిన ఆనాటి పత్రాలు చదివితే వైట్ హౌస్ గదుల్లో నడిచిన మాటలు వేరని తెలుస్తుంది. పశ్చిమ పాకిస్తాన్ మీదికి భారత్ పోకుండా బెదిరించాలి. ఆగస్టులో భారత్‌తో ఒప్పందం చేసుకున్న సోవియట్‌కు తాము ఉన్నామని చూపాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, కొత్తగా స్నేహం కుదురుతున్న చైనా ముందు పాత మిత్రుణ్ణి వదిలేసినట్టు కనబడకూడదు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఢాకాలోని అమెరికన్ కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, తన తోటి ఉద్యోగులు సంతకాలు చేసిన నిరసనను సొంత ప్రభుత్వానికి టెలిగ్రాంగా పంపాడు. అక్కడ జరుగుతున్న ఊచకోత మీద మనం నోరు మెదపడం లేదని దాని సారాంశం. ఆయన్ని ఆ పదవి నుంచి తప్పించారు. అమెరికా అంటే నిక్సన్ ఒక్కడే కాదనడానికి నేను మా మనవరాలికి చెప్పిన మొదటి పేరు ఆయనదే.

ఆ రోజుల్లో మాకు ఈ లెక్కలేమీ తెలియవు. ఏడో నౌకాదళం వచ్చేస్తోందని రేడియో, పత్రికలు, కిళ్ళీ కొట్టు, అన్నీ అదే మాట. మా పక్కింటివాళ్ళు పిల్లల్ని తీసుకుని అనకాపల్లి పోయారు. పదిహేనేళ్ళ తర్వాత నేను ఎఫ్-1 వీసా మీద ఈ దేశంలో దిగాను. ఇంకో పదమూడేళ్ళకు చెయ్యెత్తి ప్రమాణం చేసి పౌరుణ్ణయ్యాను. ఆ రోజు అనకాపల్లి పోయిన పక్కింటివాళ్ళు నాకు గుర్తు రాలేదని ఒప్పుకుంటున్నాను.

ఒర్లెక్‌ను 1982లో టర్కీకి ఇచ్చేశారు. అక్కడ యూజెతెపె అని పేరు మార్చి మరో పదహారేళ్ళు వాడారు. ఇక్కడొక పిట్టకథ చెప్పకుండా ఉండలేను. 1974లో సైప్రస్ గొడవప్పుడు టర్కీ విమానాలు శత్రువు ఓడలనుకుని సొంత డిస్ట్రాయర్ మీదే బాంబులేసి ముంచేశాయి. కారణమేమిటంటే గ్రీసుకూ టర్కీకీ ఒకే తరహా పాత ఓడలిచ్చింది అమెరికాయే. పైనుంచి చూస్తే ఏది ఎవరిదో పైలట్లకు తెలియలేదు. మునిగింది కూడా గేరింగ్ తరగతిదే, ఒర్లెక్‌కు అక్కచెల్లెలు లాంటిది.

2000లో ఒర్లెక్ పుట్టిల్లు చేరింది. కట్టిన ఊరు ఆరెంజ్‌లోనే మ్యూజియంగా పెట్టుకుంటే 2005లో రీటా తుఫాను దెబ్బకొట్టింది. లూసియానాలోని లేక్ చార్లెస్‌కు మార్చారు. 2020లో లారా తుఫానుకు అక్కడ కట్లు తెంచుకుని కొట్టుకుపోయినా బతికి బయటపడింది. 2022లో జాక్సన్‌విల్ చేరింది. కొరియా, వియత్నాం చెయ్యలేని పని తుఫానులు దాదాపు చేసేశాయి.

డెక్కు మీద ఆ ముందు ఫిరంగి పక్కన నిలబడి ఈ కథంతా మా మనవరాలికి చెప్పాను. నాకు లోపల్లోపల ఒక ఆశ, ఇదంతా విని మానుకుంటుందని. అది కాసేపు ఆలోచించి, "తాతయ్యా, ఈ ఓడ మీ ఊరి మీద కాల్చడానికి వచ్చిందా?" అని అడిగింది. ఓడకేం తెలుసమ్మా, పంపినవాళ్ళకు తెలియాలి అన్నాను. "మరి ఇందులో ఉన్నవాళ్ళకు తెలుసా?" అంది. తెలిసి ఉండదన్నాను. "కాల్చమంటే కాల్చేవాళ్ళా?" అంది. నేను ఫిరంగి వైపు చూశాను. పందొమ్మిది, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు, వియత్నాంలో రోజూ కాలుస్తున్నవాళ్ళే. కాల్చేవాళ్ళే అన్నాను. అబద్ధం చెప్పి ఏం లాభం?

అప్పుడది ఎదురు ప్రశ్న వేసింది. "ఇప్పుడు వైజాగ్, అమెరికా ఫ్రెండ్సే కదా?"

దీనికి జవాబు మీతో పంచుకోవాలి, ఎందుకంటే మనలో చాలామంది ఇక్కడే ఆగిపోతాం. అవును, ఫ్రెండ్సే. 2007లో అమెరికా తన ట్రెంటన్ అనే ఓడను భారత్‌కు సుమారు 4.8 కోట్ల డాలర్లకు అమ్మింది. సైనికులను, వాహనాలను తీరానికి చేర్చే ఓడ అది. జలాశ్వ అని పేరు మారి మా విశాఖకే చేరింది. అంతకుముందు దాన్ని నడిపిన డబ్బులో నేను కట్టిన పన్నులు కూడా ఉన్నాయి, నా ఊరికే వెళ్ళిందని నవ్వుకున్నాను. కానీ 2008లో కాగ్ నివేదిక మొట్టికాయలు వేసింది. ఓడ పాతది, ఎలా వాడాలో షరతులున్నాయి, తనిఖీ చేసే హక్కు అమ్మినవాళ్ళకుంది అని. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆ ఓడలో విషవాయువు లీకై ఆరుగురు నౌకాదళ సిబ్బంది చనిపోయారు. అదే జలాశ్వ 2020 మే నెలలో కోవిడ్ భయంతో మాల్దీవుల్లో చిక్కుకున్న దాదాపు 700 మందిని కొచ్చికి చేర్చింది. ఇందులో ఒక ముక్కే చెప్పి మిగతాది దాచేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు.

2007 సెప్టెంబరులో మలబార్ విన్యాసాలకు నిమిట్జ్, కిటీహాక్ బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు వామపక్షాలు కోల్‌కతా నుంచి, చెన్నై నుంచి యాత్రలు తీసి విశాఖలోనే కలిశాయి. 1971లో ఎంటర్‌ప్రైజ్ వచ్చినప్పుడు బెదిరింపు, నిమిట్జ్ వస్తే స్నేహమా అని వాళ్ళ ప్రశ్న. 2019లో టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు విశాఖలో, కాకినాడలో జరిగాయి. అప్పుడు అంత సందడి లేదు. ఫోన్లో మా తమ్ముణ్ణి అడిగితే, బీచ్ రోడ్డులో ట్రాఫిక్ ఎక్కువైందన్నాడు.

నా ఉద్దేశం అడిగితే, విన్యాసాలు చెయ్యడం తప్పు కాదు. ఆయుధం ఇచ్చినవాడు అది ఎక్కడ తేలుతుందో తర్వాత అదుపు చెయ్యలేడన్నది మాత్రం డయాబ్లో నాకు నేర్పింది. ఓటున్నవాళ్ళం, ఏ దేశానికి ఏం అమ్ముతున్నారో మన కాంగ్రెస్ సభ్యుణ్ణి అడిగే హక్కున్నవాళ్ళం మనం. భారత్‌కు అమ్మినప్పుడు చప్పట్లు, పాకిస్తాన్‌కు అమ్మినప్పుడు పిటిషన్లు, ఇంతవరకే మన రాజకీయం అయితే ఈ ఫోరం అవసరం లేదు, వాట్సాప్ చాలు.

ఘాజీ ఇప్పటికీ మా ఊరి ముందు సముద్రం అడుగునే ఉంది. 2024లో భారత నౌకాదళం తన డీప్ సబ్‌మెర్జెన్స్ నౌకతో దాని శకలాలను గుర్తించిందని, అందులో ప్రాణాలు పోయినవారి మీద గౌరవంతో ముట్టుకోలేదని పత్రికల్లో వచ్చింది. రామకృష్ణా బీచ్‌లో ఆ విజయానికి స్మారకం ఉంది. కాస్త దూరంలోనే సోవియట్లు కట్టిన కుర్సురా జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా ఉంది. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు పిల్లల్ని రెండింటికీ తీసుకెళ్ళండి. జాక్సన్‌విల్ వెళితే ఒర్లెక్ కూడా ఎక్కండి. టోపీ పెట్టుకోండి, తల తగులుతుంది.

మా మనవరాలి సంగతి అడుగుతారు కనక చెబుతున్నాను. అది దరఖాస్తు పంపింది. వ్యాసంలో ఆర్చర్ బ్లడ్ గురించి రాసిందట. మా అమ్మాయి నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు. ఫలితం వసంతంలో వస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.