91 రోజులు, 60 రోజులు

(ఫార్మింగ్టన్ హిల్స్ వార్షిక సమావేశంలో మా వాలంటీర్ల తరఫున చేసిన ప్రసంగం)



ఈసారి మేం ఒక కయాక్ మనిషి గురించి చెబుదామనుకున్నాం. పేరు సిరిల్ డెరెమో. ఫ్రాన్స్ నుంచి వచ్చి కాలిఫోర్నియాలో స్థిరపడ్డాడు, అంటే ఆయనా వలసొచ్చినవాడే. 2022లో మాంటెరే నుంచి హవాయిలోని హీలో దాకా ఒక్కడే కయాక్‌లో వెళ్లాడు. 91 రోజులు పట్టింది.

అందరూ చెప్పుకునేది ఇదే. మాకు మాత్రం ముందు ఏడాది సంగతి మనసుకి పట్టింది. 2021లో ఇదే ప్రయాణం మొదలుపెట్టి, వారం తిరక్కుండానే కోస్ట్ గార్డుకి ఫోన్ చేశాడు. పడవ ముక్కు అలలకు ఎదురుగా ఉండేలా నీళ్లలో గొడుగులా విచ్చుకునే సీ యాంకర్ ఒకటుంటుంది. అది సరిగా పనిచేయక పడవ అడ్డం తిరిగింది. రేపు చూద్దాంలే అనుకోలేదాయన. పడవని సముద్రంలోనే వదిలేసి హెలికాప్టర్ ఎక్కాడు.

మన సామర్లకోట గోలి శ్యామల గారు 52 ఏళ్ల వయసులో విశాఖ నుంచి కాకినాడకు 150 కిలోమీటర్లు ఈదారు. 2024 డిసెంబర్ 28న మొదలై 2025 జనవరి 3న ఒడ్డుకు చేరారు. పక్కన పడవలో మనుషులు ఉన్నారు. ఉన్నారని ఆవిడ ఈత తక్కువైందా?

మన దగ్గర జరిగేది వేరు. ఉద్యోగం పోయిన ఒక తమ్ముడు మాకు ఫోన్ చేసింది యాభై రెండో రోజున. రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని లైబ్రరీకి వెళ్లి కూర్చునేవాడట, రూమ్మేట్లకు తెలియకూడదని. ఇంట్లో అమ్మకీ చెప్పలేదు. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకి గడువు 60 రోజుల దాకానే. ఐ-94 అంతకుముందే ముగిస్తే అదీ ఉండదు. లెక్క ఉద్యోగం ఆగిన రోజు నుంచి, ఆఖరి జీతం పడ్డ రోజు నుంచి కాదు. ఈలోపే కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్పుకి దరఖాస్తు పెట్టాలి. ఎనిమిది రోజుల్లో లాయర్ని పట్టుకుని, కాగితాలు కూర్చి, ఆ దరఖాస్తు పెట్టించేసరికి మాకు తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి వారంలోనే చెప్పుంటే ఉద్యోగమే వెతికేవాళ్లం కదా!

వాలంటీర్ల నంబర్లు ఆఖరి పేజీలో ఉన్నాయి. రాత్రి పదకొండు దాటినా ఎత్తుతాం. పేరు చెప్పక్కర్లేదు, ఎన్నో రోజో చెప్పండి చాలు.