‘లేచినప్పుడు’ అను ఒక్క మాట
(పాఠశాల తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగము)



ఇంటిలో తాతగారో, అమ్మమ్మగారో మంచము దిగి నాలుగడుగులు వేయగానే కన్నులు బైర్లు క్రమ్మి గోడ పట్టుకొందురు. ముసలితనపు నీరసమని మనము సరిపెట్టుకొందుము. ఒక్కొక్కప్పుడది శరీరములోని ఒక కాపలా చెడినదనుటకు గుర్తు.

మనము నిలిచినప్పుడు అరలీటరుకు పైగా రక్తము కడుపునకు, కాళ్లకు దిగును. మెడలోని ధమనులయందును, గుండెపైని బృహద్ధమని వంపునందును ఉన్న నరముల కొనలు ఆ మార్పును కనిపెట్టి మెదడునకు తెలుపును. మెదడు గుండెను వేగపరచి, రక్తనాళములను బిగించును. ఇదంతయు క్షణములలో, మన యెరుక లేకయే జరుగును. దీర్ఘకాలపు మధుమేహము, పార్కిన్సన్ వ్యాధి ఈ యేర్పాటును చెరచగలవు. మెడకు శస్త్రచికిత్సయో, రేడియేషనో జరిగినవారిలో అరుదుగా రక్తపోటు ఒకప్పుడు విపరీతముగా పెరిగి, మరియొకప్పుడు పడిపోవుచుండును.

పరీక్ష సులభము. రోగిని ఐదు నిమిషములు పరుండబెట్టి రక్తపోటు చూచి, నిలువబెట్టి ఒకటవ, మూడవ నిమిషములయందు మరల చూడవలెను. పై అంకె 20 గాని, క్రింది అంకె 10 గాని, అంతకు మించి గాని తగ్గినచో వ్యాధి యున్నట్లు గ్రహింతురు. అప్పుడు గుండె వేగము తగినంత పెరగనిచో నరముల దోషమని అనుమానింతురు. బాగుగా పెరిగినచో ఒంటిలో నీరు తగ్గుట వంటి కారణములు వెదకుదురు. కూర్చుండబెట్టి మాత్రమే చూచినచో ఇది బయటపడకపోవచ్చును.

చికిత్సలో మొదటిపని, వాడుచున్న మందులను వైద్యునికి చూపుట. రక్తపోటు మాత్రలు, ప్రోస్టేటు మందులు కొన్ని దీనిని పెంచును. అయినను మనంతట మనము మానరాదు. లేచుటకు ముందు మంచినీరు త్రాగి, కొంతసేపు మంచము అంచున కూర్చుండవలెను. రాత్రి మంచము తలవైపు ఎత్తుగా నుంచవలెను. బిగుతైన మేజోళ్లు, నడికట్టు ఉపకరించును. గుండె, మూత్రపిండముల జబ్బులున్నవారికి హాని కలుగవచ్చును గనుక ఉప్పు పెంచుట వైద్యుడు చెప్పిననే. ఇవి చాలనిచో ఫ్లూడ్రోకార్టిసోన్, మిడోడ్రిన్ వంటి మందులిత్తురు. మిడోడ్రిన్ మ్రింగిన పిమ్మట నాలుగు గంటలవరకు పరుండరాదు. పరుండినచో రక్తపోటు మిక్కిలి పెరుగును.

ఇక మన ఇండ్ల సంగతి. పెద్దలు తెలుగులో చెప్పుకొందురు. ఆసుపత్రిలో మాట వేరు. నడుమ దుబాసీ మన బడిపిల్లవాడే. అమ్మమ్మ “లేచినప్పుడు తల తిరుగుచున్నది” అనగా, వాడు “తల తిరుగుచున్నదట” అని మాత్రమే చెప్పినచో, వైద్యునికి దారి చూపు మాట జారిపోయినట్లే. పెద్దల మాట ఒక్కటియు విడువక అప్పగించుట పిల్లలకు నేర్పుడు. రెండు భాషలును చక్కగా వచ్చిన బిడ్డ ఆనాడు ఇంటికి వైద్యునిలో సగము.