గ్యాస్ గీజర్ ఉందా? దాని పొగకు బయటికి దారి ఉందా?
(దీపం-2 లబ్ధిదారుల అవగాహన సమావేశంలో ప్రసంగ పాఠం)



2024 నవంబరు నుంచి దీపం-2 కింద అర్హులైన కుటుంబాలకు ఏటా 3 సిలిండర్లు ఉచితంగా అందుతున్నాయి. సిలిండర్ బుకింగ్, ఈ-కేవైసీ గురించి ఇప్పటికే విన్నారు. నేను ఇంకో విషయం చెబుతాను. కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచుకునే బాధ పోయిందని కొందరు గ్యాస్ గీజర్ పెట్టించుకుంటున్నారు. మంచిదే. కానీ దాన్ని ఎక్కడ పెట్టించారన్నది ప్రాణాలకు సంబంధించిన సంగతి.

ముందు ఒకటి తెలుసుకోండి. సిలిండర్ లీకైతే వాసన వస్తుంది. మనకు తెలియాలనే గ్యాస్‌లో ఆ వాసన కలుపుతారు. గీజర్‌లో మండిన తర్వాత వచ్చే గాలికి మాత్రం ఆ వాసన ఉండదు. మంటకు సరిపడా గాలి అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు కూడా మండవు. అది రక్తంలో చేరి, ప్రాణవాయువు ఉండాల్సిన చోటును ఆక్రమిస్తుంది. తల నొప్పి, కళ్లు తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం, మత్తు, ఆ తర్వాత స్పృహ తప్పడం. తలుపు గడియ తీయాలన్నా చెయ్యి లేవదు.

"రోజూ స్టవ్ వెలిగిస్తున్నాం కదా, ఏమీ కాలేదే" అంటారు. గీజర్ మంట స్టవ్ బర్నర్ కంటే ఎన్నో రెట్లు పెద్దది. పైగా మన బాత్‌రూమ్ చిన్నది. చలికాలం తలుపు వేసి, వెంటిలేటర్‌కు గుడ్డ కూడా కుక్కుతాం. ఉన్న కాస్త గాలీ మంటకే అయిపోతుంది.

అందుకే ఈ జాగ్రత్తలు పాటించండి:

1. గీజర్‌ను బాత్‌రూమ్ లోపల పెట్టించవద్దు. బయటి గోడకు, గాలి బాగా ఆడే చోట, వాన పడకుండా పెట్టించండి. వేడి నీళ్ల పైపు ఒక్కటే లోపలికి రావాలి. సిలిండర్ కూడా బాత్‌రూమ్‌లో ఉండకూడదు.

2. కొన్ని గీజర్లకు పొగగొట్టం ఉంటుంది. అది రేకు గొట్టమే అయి ఉండాలి, ప్లాస్టిక్ పైపు పనికిరాదు. వేడి పొగ పైకి పోతుంది కాబట్టి గొట్టం పైకి ఎక్కుతూ వెళ్లాలి. పొడవు, వంపులు ఎంత తక్కువుంటే అంత మంచిది.

3. గొట్టం చివర ఆరుబయటే తెరుచుకోవాలి. అటకలోకో, పక్కగదిలోకో, కిటికీ పక్కకో వదిలితే ఆ పొగ మళ్లీ ఇంట్లోకే వస్తుంది. చివర టోపీ ఉంటే వాన నీరు దిగదు. పిట్టగూళ్లు, సాలెగూళ్లు పేరుకున్నాయేమో అప్పుడప్పుడు చూస్తూ ఉండండి.

4. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది చాలు అనుకోవద్దు. మూసి ఉన్న గదిలో ఫ్యాన్ తిరిగితే, గొట్టంలోంచి పోవాల్సిన పొగను అదే లోపలికి లాగొచ్చు.

5. వంటింట్లో నేలకు దగ్గరగా ఒక గాలి కంత ఉండాలి. మండని గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే కిందికే దిగుతుంది. పైన ఒక్క వెంటిలేటర్ ఉంటే సరిపోదు.

6. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగుకు మారినా, మసి పట్టినా వాడడం ఆపి మెకానిక్‌ను పిలవండి. ఐఎస్ఐ మార్కు ఉన్న గీజరే కొనండి. స్టవ్ ట్యూబ్‌కు మధ్యలో అతుకు వేసి గీజర్‌కు కలపవద్దు. గ్యాస్ డీలర్ పంపే మెకానిక్‌తోనే బిగించుకోండి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు "ఓనర్ గోడకు కన్నం వేయనివ్వరండీ" అంటారు. అలాగైతే గీజర్ పెట్టకండి. స్టవ్ మీద కాచి బకెట్‌లో పోసుకోండి. ప్రాణం కంటే గీజర్ ముఖ్యం కాదు.

ఇప్పటికే బాత్‌రూమ్‌లో ఉంటే, మార్పించేదాకా దాన్ని వాడవద్దు. ఏజెన్సీ గ్రామాల్లో చలికి కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకోవడం కూడా ఇంతే ప్రమాదం.

స్నానానికి వెళ్లినవాళ్లు పిలిచినా పలకకపోతే ఆలోచించొద్దు. గీజర్ కట్టేసి, తలుపు తెరవండి, అవసరమైతే పగలగొట్టండి. మనిషిని బయటి గాలిలోకి తీసుకురండి, మీరు లోపల ఎక్కువసేపు ఉండవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. గ్యాస్ గీజర్ వాడారని డాక్టరుకు తప్పక చెప్పండి.

గ్యాస్ వాసన వస్తే మాత్రం లైటు స్విచ్ ముట్టుకోవద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తీసి, బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి.

ఈరోజు ఇంటికి వెళ్లగానే ఒక్క పని చేయండి. గీజర్ ఎక్కడుందో, దాని పొగ ఎటు పోతోందో చూడండి. మీ ఇంట్లో గీజర్ లేకపోయినా, ఉన్న చుట్టాలకు ఈ పీడీఎఫ్ పంపండి.