ముప్పది యేండ్ల తరువాతి లెక్క

గుండె ఆపరేషను జయప్రదమైనదని వినగానే బంధువులు ఊపిరి పీల్చుకొందురు. కాని కుట్టు విడిపోవచ్చును, గుండె లయ తప్పవచ్చును. ఇవి ఆసుపత్రి విడిచిన దినముననే కానరావు.

1954 మార్చిలో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయమున లిల్లెహై అను శస్త్రవైద్యుడు, గుండె గోడలో రంధ్రముతో పుట్టిన బిడ్డలకు చికిత్స ప్రారంభించెను. గుండెను తెరచినంతసేపు బిడ్డ నెత్తురును శుద్ధి చేయువారెవరు? ప్రక్క బల్లపై పరుండిన తండ్రియో, తల్లియో! ఇరువురి రక్తనాళములను గొట్టములతో కలిపిరి. నడుమ నొక చిన్న పంపు. పెద్దవారి ఊపిరితిత్తులు ఇద్దరికిని పనిచేసినవి. ఒక్క చికిత్సలో రెండు ప్రాణములు పోవచ్చునని ఆక్షేపించినవారు కలరు. అది వట్టి భయము కాదు. రక్తమిచ్చినవారిలో ఎవ్వరును మరణింపలేదు గాని, ఒకరికి తీవ్రమైన అపాయమే కలిగినది. మొదటి బిడ్డ పదునొకండు దినములకు న్యుమోనియాతో మరణించెను.

1955 వఱకు 45 మందికి ఈ విధముగ చికిత్స జరిగినది. 28 మంది ఇండ్లు చేరిరి. చాలమంది వైద్యులు అంతటితో ఖాతా మూసివేయుదురు. లిల్లెహై మూయలేదు. ముప్పది యేండ్ల పిమ్మట విచారింపగా 22 మంది సజీవులై యుండిరి. నాటి ఆడపిల్లలలో తల్లులైనవారును కలరు.