శస్త్రచికిత్సకు ముందు చెప్పవలసిన మాట



మన ఆర్యవైశ్యుల గోత్రములను గూర్చియు, సత్రములను గూర్చియు పెద్దలు విస్తారముగ ప్రసంగించిరి. నేను రక్తమందలి యొక పదార్థమును గూర్చి మాత్రమే మనవి చేసెదను. దాని పేరు బ్యూటిరిల్‌కోలినెస్టరేజు.

శస్త్రచికిత్సవేళ శ్వాసనాళమున గొట్టము నుంచుటకై, కండరములను సడలించు సక్సినైల్‌కోలిన్ అను మందును సూదిద్వారా ఎక్కింతురు. పై పదార్థము దానిని కొన్ని నిమిషములలో విరుగగొట్టును. అది లోపించినవారికి కండరములు గంటలకొలది కదలవు. ఊపిరి తీయు శక్తియు నుండదు. యంత్రముచే శ్వాస నడపినచో రోగి కోలుకొనును, ఏమరినచో ప్రాణాపాయము. విచిత్రమేమనగా, ఇట్టివారు తక్కినకాలమంతయు ఆరోగ్యవంతులే.

ఈ లోపము మనలో ఇతరులకంటె సుమారు 100 రెట్లధికమని 2017లో హైదరాబాదు సీసీఎంబీకి చెందిన తంగరాజ్ ప్రభృతులు ఒక వ్యాసమున తెలిపిరి. పూర్వము కొద్దిమంది నుండి విస్తరించి, అనేక తరములుగా తమలో తామే వివాహమాడుటయే కారణమట. సగోత్రవివాహము లేదు కదా యందురేమో! గోత్రము తండ్రివైపు లెక్క. జన్యువునకు అట్టి లెక్క లేదు. అది మేనరికములందును వచ్చును. తల్లిదండ్రు లిరువురి నుండియు సంక్రమించినప్పుడే లోపము పూర్తిగ బయటపడును.

కావున ఆపరేషనునకు ముందు మత్తువైద్యునకు మన కులము చెప్పుడు. ఇంట నెవరికైన ఆపరేషను పిమ్మట ఊపిరి ఆలస్యముగ తిరిగివచ్చియుండినచో దానిని మరి తప్పక చెప్పుడు. రక్తపరీక్షచే ఈ లోపము తెలియును. బదులుగా వాడదగిన మందులును గలవు.