లేఖకుని అమానతు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు కురియుగాక!



దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా దీర్ఘమైన ఆయతు బఖరా సూరాలోని 282వ ఆయతు. అప్పు పత్రం ఎలా రాసుకోవాలో అది బోధిస్తుంది. రాసే విద్యను అల్లాహ్ నేర్పాడు గనుక లేఖకుడు రాయడానికి నిరాకరించరాదనీ, న్యాయంగా రాయాలనీ ఆదేశిస్తుంది. స్వయంగా చెప్పి రాయించుకోలేని బలహీనుని తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పి రాయించాలని కూడా అందులోనే ఉంది. ఒక పత్రం విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకు? రాతలో దొర్లిన అన్యాయం నోటిమాటలా మరుగున పడిపోదు. ఎక్కడికి వెళ్లినా అది బాధితునికి ఎదురవుతూనే ఉంటుంది.

నేటి లేఖకులలో కంప్యూటర్ ప్రోగ్రాం రాసేవారూ ఉన్నారు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన నిట్ మన వరంగల్‌లోనే ఉంది. మడికొండలో ఐటీ సంస్థలు వెలిశాయి. మన బిడ్డలెందరో ఈ విద్యను అభ్యసిస్తున్నారు. కనుక మన రాష్ట్రంలోనే జరిగిన ఒక విషయాన్ని ఈ జుమా రోజున ఆలోచిద్దాం.

తెలంగాణ ప్రభుత్వం 2016లో ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రవేశపెట్టింది. వేర్వేరు శాఖల దగ్గరున్న వివరాలను పేరు, చిరునామా వంటి ఆధారాలతో పోల్చి, ఒక్కొక్క వ్యక్తి కిందికి చేర్చడం దాని పని. పేదల బియ్యం అనర్హుల పాలు కాకూడదన్న ఉద్దేశం మంచిదే. ప్రజల సొమ్ము కూడా అమానతే. కాని రాష్ట్రంలో లక్షలాది రేషన్ కార్డులు ముందుగా నోటీసు లేకుండానే రద్దయ్యాయి. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ పరిశీలనలో వేలాది కుటుంబాలు అర్హులేనని తేలింది.

పొరపాటు ఎలా జరుగుతుందో మన ఇళ్లలోని కార్డులు చూస్తే అర్థమవుతుంది. ఒకే మనిషి పేరు ఒక కార్డులో ముహమ్మద్, మరొకదానిలో మహ్మద్, ఇంకొకదానిలో ఎండీ. మనకు అతడు ఒక్కడే, యంత్రానికి ముగ్గురు. ఒకే బస్తీలో ఒకే పేరున్న ఇద్దరుంటే, ఒకరి కారు మరొకరి ఖాతాలో పడవచ్చు. పేర్లు ఎంతవరకు కలిస్తే ఇద్దరినీ ఒకరిగా లెక్కించాలో యంత్రం తనంతట తాను నిర్ణయించుకోదు. దాన్ని తయారుచేసిన మనిషే నిర్ణయిస్తాడు. అది ఒక తీర్పు వంటిది. హజ్రత్ అలీ (రజి)ని యెమెన్‌కు న్యాయాధికారిగా పంపుతూ, రెండో పక్షం మాట వినేదాకా తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు. నోటీసు లేకుండా కార్డు రద్దు చేయడమంటే రెండో పక్షం మాట వినకుండా తీర్పు చెప్పడమే కదా!

ప్రోగ్రాములు రాసే యువకులారా! మీ లెక్క తప్పితే ఎవరి పొయ్యి ఆరిపోతుంది? ఆ సంగతి అతనికి తెలుస్తుందా? తన మాట చెప్పుకోవడానికి అతనికి ఒక మనిషి దొరుకుతాడా? పని పూర్తయిందని చెప్పేముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి, పై అధికారుల ముందూ ఉంచండి. మీసేవ కేంద్రాల్లో పనిచేసే సోదరులారా! వివరాలు పంపేముందు దరఖాస్తుదారుని పేరు, తండ్రి పేరు అతనికి ఒకసారి చదివి వినిపించండి. చదువుకున్న మిగతావారు తమ వాడలోని వృద్ధుల, వితంతువుల కార్డులను చూసి, తప్పులుంటే అర్జీ రాసిపెట్టండి. ఆయతు చెప్పిన బలహీనునికి సంరక్షకునిగా నిలవడం అంటే ఇదే.

ఖలీఫాగా ఉన్న హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనా వెలుపల ఆకలితో ఏడుస్తున్న పిల్లలను చూశారు. బైతుల్‌మాల్ నుంచి పిండి మూటను స్వయంగా వీపున మోసుకువచ్చారు. తాను మోస్తానన్న సేవకునితో, ప్రళయదినాన తన బరువును కూడా మోస్తావా అని అడిగారు. మన చేతిరాతకు, మన చేతులు నొక్కే ప్రతి మీటకు ఆ రోజున జవాబు చెప్పవలసింది మనమే. యంత్రం మన తరఫున నిలబడదు.

ఓ అల్లాహ్! మా రాతలో న్యాయాన్ని, మా హృదయాలలో బలహీనుల పట్ల దయను ప్రసాదించు. మా వల్ల ఎవరి అన్నమూ ఆగిపోకుండా కాపాడు. ఆమీన్.